ఉన్నది కనబడకపోవుట: డిస్కుల కూటమియు, గ్రంథరక్షణయు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయోత్సవములందు కవులను గూర్చియు, కావ్యములను గూర్చియు ప్రసంగించుట వాడుక. నేటి ప్రసంగవిషయము వేరు. కంప్యూటరునందు పెక్కు డిస్కులను ఒక్కటిగా కూర్చిన ‘రెయిడ్’ అను కూటమి, దానిని ఆపరేటింగ్ సిస్టము గుర్తింపకపోవుట, గుర్తింపజేయు క్రమము, ఇవి నేటి విషయములు. ఇది యంత్రవిద్య నేర్చినవారి పని కదా, పల్లెటూరి గ్రంథాలయమునకు దీనితో నేమి పనియని కొందరికి తోచవచ్చును. కాని గ్రంథము తాటాకునుండి కాగితమునకును, కాగితమునుండి డిస్కునకును తరలివచ్చినది. 1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ పథకముతో దస్తావేజుల పనిని కంప్యూటర్లకు ఎక్కించినది మొదలు, రైతు భూమికి గల ఋజువులు సైతము క్రమముగా డిస్కులమీదికి చేరినవి. తాటాకును పురుగునుండి కాపాడుట ఎరిగినవాడు పూర్వము గ్రంథపాలకుడు. డిస్కును తొందరపాటునుండి కాపాడుట ఎరిగినవాడు నేటి గ్రంథపాలకుడు.

మొదట రెయిడ్ అననేమో తెలియవలెను. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అను మువ్వురు ఒక పత్రమును ప్రకటించిరి. ఒక్క పెద్ద ఖరీదైన డిస్కునకు బదులు, చౌకయైన చిన్న డిస్కులను పెక్కింటిని జతచేసి, వానిలో ఒకటి చెడినను సమాచారము చెడకుండునట్లు చేయవచ్చునని అందలి సారాంశము. ఈ కూటములందు భేదములు కలవు. ‘సున్న’ అను పద్ధతిలో సమాచారమును ముక్కలుచేసి డిస్కులన్నిటిమీద పరతురు. వేగము హెచ్చును గాని రక్షణ లేదు. ‘ఒకటి’ అను పద్ధతిలో రెండు డిస్కులమీదను ఒకే వ్రాత యుండును. గ్రామములో ఒక ప్రతి, తాలూకా కచేరీలో ఒక ప్రతి యుంచిన లెక్కలవంటిది ఇది.

‘ఐదు’ అను పద్ధతి లెక్కలు వ్రాయువారికి సులభముగా బోధపడును. ముగ్గురు రైతుల శిస్తు వరుసగా 12, 15, 9 రూపాయలు. మొత్తము 36 అని చిట్టాలో వ్రాసియున్నదనుకొందురు గాక. రెండవ అంకెను చెదపురుగు తినివేసినను నష్టము లేదు. 36 నుండి 12ను, 9ని తీసివేసినచో 15 తిరిగి దొరకును. మొత్తమే చెరిగిపోయినచో మరల కూడవచ్చును. కాని రెండు అంకెలు ఒక్కమారే పోయినచో ఎంతటి లెక్కరికిని అవి దొరకవు. ఐదవ పద్ధతి అట్టిదే. కూడికకు బదులు కంప్యూటరు ‘ఎక్స్-ఆర్’ అను మరియొక లెక్కను వాడును. ఆ మొత్తమును ఒక్కచోటనే యుంచక డిస్కులన్నిటిమీదను పంచి వ్రాయును. 2 టెరాబైట్ల డిస్కులు నాలుగు కూర్చినచో 6 టెరాబైట్ల స్థలము వాడుకకు వచ్చును. తక్కిన 2 ఆ మొత్తములకు పోవును. ‘ఆరు’ అను పద్ధతిలో రెండు డిస్కులు చెడినను నిలుచును.

ఇక డ్రైవరు సంగతి. డ్రైవరనగానే లారీ తోలువాడు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఇక్కడి డ్రైవరు మనిషి కాడు. ఒక చిన్న ప్రోగ్రాము. ఈ సీమలో వాన తక్కువ, చెరువే ప్రాణము. చెరువు నిండి మరువ పారుచున్నను, తూము ఎక్కడ నున్నదో, దానిని ఎట్లు ఎత్తవలెనో తెలిసిన నీరుగంటి లేనిచో ఆయకట్టులోని మడి ఎండును. చెరువు డిస్కుల కూటమి. తూము కంట్రోలరు అను పరికరము. మడి ఆపరేటింగ్ సిస్టము. నీరుగంటి డ్రైవరు. ఒక్కొక్క చెరువు తూము ఒక్కొక్క విధముగా నుండును గనుక ఒక చెరువు నీరుగంటి మరియొక చెరువునకు పనికిరాకపోవచ్చును. నీరుగంటి రానినాడు మడి ఎండుట చూచి, చెరువే ఎండినదని కట్టను త్రవ్వించువాడు మూర్ఖుడు. కంప్యూటరు విషయమున అట్టి పని తరచుగా జరుగుచున్నది. నేటి ప్రసంగమునకు అదియే కారణము.

ఉన్న వస్తువు కనబడకపోవుట లోకమునకు క్రొత్త గాదు. తాళ్లపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమున తరతరములు పడియుండి, ఇరువదవ శతాబ్దమున గాని వెలుగులోనికి రాలేదు. రేకులు నశింపలేదు, చదువువారి చూపు వానిపై పడలేదు, అంతియే. ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలందు ఉన్న వస్తువు కనబడకపోవుటకు ఎనిమిది హేతువులను లెక్కించెను: మిక్కిలి దూరముగా నుండుట, మిక్కిలి చేరువగా నుండుట, ఇంద్రియము చెడుట, మనస్సు నిలుకడగా లేకపోవుట, వస్తువు సూక్ష్మమగుట, నడుమ అడ్డుండుట, బలవత్తరమైనది కప్పివేయుట, సమానవస్తువులలో కలిసిపోవుట. కనబడనంతమాత్రమున లేదనరాదని దాని తాత్పర్యము. ఆ పట్టికలోని హేతువులు కొన్ని నేటి కంప్యూటరునకు గూడ చక్కగా పొసగును.

ఒక మండల కేంద్రమందలి చిన్న గ్రంథాలయమును ఊహింపుడు. కంప్యూటరులో నాలుగు డిస్కులు ఐదవ పద్ధతిలో కూర్పబడియున్నవి. వానిలో ఊరి శాసనముల ఛాయాచిత్రములు, పాత పత్రికల ప్రతులు, నిమ్మలకుంట తోలుబొమ్మల ఆటగాండ్ర పాటల ధ్వనిముద్రణలు భద్రపరచియున్నవి. పాడిన వృద్ధులలో కొందరు నేడు లేరు. వేసవి సెలవులు గడచి యంత్రమును నడుపబోగా, ‘నడుపదగిన డిస్కు లేదు’ అని తెరపై వచ్చినది. విండోస్ స్థాపించు పెన్‌డ్రైవును పెట్టి చూడగా నాలుగు డిస్కులు వేర్వేరుగా, ఖాళీగా కనబడినవి. చేరువనున్న యువకుడు ‘డిస్కులు పోయినవి, ఫార్మాటు చేసి మరల ఎక్కింతము’ అనును. ఆ మాటకు తల యూపినచో ఆ వృద్ధుల గొంతులు మరల వినబడవు. నిజమునకు చెడినది రూపాయి బిళ్లవలె మదర్‌బోర్డుమీద నుండు చిన్న బ్యాటరీ. అది అయిపోయినపుడు, కరెంటు లేని దినములలో బయాస్ తన అమరికలను మరచి, కర్మాగారపు అమరికకు మరలును. ‘రెయిడ్’ అని యున్నచోట ‘ఏహెచ్‌సీఐ’ అని మారును. డిస్కులమీది వ్రాత చెక్కుచెదరలేదు. బ్యాటరీ మార్చి, అమరికను పూర్వమువలె ‘రెయిడ్’ అని దిద్దినచో, నడుమ ఎవరును ఏమియు వ్రాయకుండినయెడల, కూటమి సాధారణముగా తిరిగి కనబడును. ఏలయన కూటమి వివరము ప్రతి డిస్కునందును వ్రాయబడియుండును.

ఇది సమానాభిహారము. మినుములలో కలిసిన మినుము కనబడనట్లు, కూటమి విడి డిస్కులుగా కనబడుట. అన్నిటికంటె అపాయకరమైనది ఇదియే. డిస్కును ‘ఇనిషియలైజు’ చేయుమందురా యని విండోస్ అడుగును. సరేయన్నచో కూటమి సభ్యునిమీద క్రొత్త పట్టిక వ్రాయబడును. ఒకటవ పద్ధతిలో మరియొక చిక్కు. జంటలో ఒక్కొక్క డిస్కు సంపూర్ణము గనుక విడిగానే నడచును; ఒక దానిమీద క్రొత్త వ్రాతలు చేరి రెండు ప్రతులకు పొత్తు తప్పును.

రెండవది ఇంద్రియహాని, అనగా డ్రైవరు లేకపోవుట. ఇందొక విచిత్రము కలదు. డ్రైవరు డిస్కుమీద నుండును. డ్రైవరు లేనిదే డిస్కును చదువరాదు. తాళముచెవిని పెట్టెలోనే పెట్టి తాళము వేసినట్లున్నది. కావుననే స్థాపన సమయమున డ్రైవరును వెలుపలినుండి అందింపవలెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీనందు ఆరంభముననే ఎఫ్6 మీటను నొక్కి ఫ్లాపీద్వారా అందించెడివారు. విస్టా మొదలు ‘లోడ్ డ్రైవరు’ అను చోట పెన్‌డ్రైవుద్వారా అందించుచున్నారు. లినక్సులో ఆరంభమున మెమరీలోనికి వచ్చు చిన్న మూటయందు డ్రైవరును ముందుగానే చేర్చుదురు. ఆ మూటను ‘ఇనిట్ ర్యామ్ ఎఫ్ఎస్’ అందురు. అందు చేరనిచో యంత్రము నడుమదారిలో నిలిచిపోవును. క్రొత్త కూర్పులు పాత పరికరములను విడిచిపెట్టుటయు కలదు. 2019లో వెలువడిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్సు 8లో పాత రెయిడ్ కంట్రోలర్లు కొన్నింటికి ఆసరా తీసివేయబడెను. అంతవరకు నడచిన యంత్రము క్రొత్త కూర్పు ఎక్కింపబోగా డిస్కు లేదనుటకు ఇట్టిది ఒక కారణము.

మూడవది వ్యవధానము. 2020లో వచ్చిన ఇంటెల్ పదునొకండవ తరపు యంత్రములు మొదలు పెక్కింటియందు ‘వీఎండీ’ అను అమరిక డిస్కులకును ఆపరేటింగ్ సిస్టమునకును నడుమ తెరవలె నిలుచును. ఇంటెల్ డ్రైవరు నిచ్చినగాని తెర తొలగదు. నాలుగవది అభిభవము. సూర్యుని వెలుగున నక్షత్రములు కనబడనట్లు, సామాన్య డ్రైవరు ముందుగా కంట్రోలరును పట్టుకొని రెయిడ్ డ్రైవరునకు చోటీయకుండుట. ఐదవది దూరము. తీగ వదులుట, దుమ్ము పట్టుట, విద్యుత్తు అందకపోవుట. ఇట్టిచోట కంట్రోలరునకే డిస్కు కనబడదు. డ్రైవరును నిందించి ఫలము లేదు. ఆరవది మనస్సు నిలుకడ లేమి. ఇది యంత్రముది గాదు, మనిషిది. 64 బిట్ల స్థాపనకు 32 బిట్ల డ్రైవరు నిచ్చుట, మూటను విప్పక అట్లే పెన్‌డ్రైవులో పెట్టుట దీనికి ఉదాహరణములు. స్థాపకము వెదకునది ‘ఐఎన్ఎఫ్’ అను తోకగల ఫైలును. కట్టిన మూటలోపల అది వెదకదు.

హేతువులు ఇన్ని యున్నను పరీక్షాక్రమము ఒక్కటే. మొదటి నియమము: కారణము తేలువరకు డిస్కులమీద ఒక్క అక్షరమైనను వ్రాయరాదు. పిమ్మట ఏ డిస్కు ఏ గూటిలో నున్నదో చీటీ అంటింపవలెను. ఆపై యంత్రము లేచునపుడు కంట్రోలరు తెరను చూడవలెను. అక్కడ కూటమి ‘నార్మల్’ అని యున్నచో కట్ట గట్టిగానే యున్నది. లోపము నీరుగంటిలో వెదకవలెను. ‘డిగ్రేడెడ్’ అని యున్నచో ఒక డిస్కు పోయినది. రెండవది పోకమునుపే ప్రతి తీయవలెను. ‘ఫెయిల్డ్’ అని యున్నచో చేతులు కట్టుకొని నిపుణుని పిలువవలెను. కూటమి పేరే లేనిచో బయాస్ అమరికను, తీగలను చూడవలెను.

డ్రైవరు వెదకునపుడు పెట్టెపైని పేరు చాలదు. ప్రతి కంట్రోలరునకును సంస్థ సంఖ్య, పరికరపు సంఖ్య యని రెండుండును. ఇంటెల్ సంస్థ సంఖ్య 8086. విండోస్‌లో డివైస్ మేనేజరునందును, లినక్సులో ఎల్ఎస్‌పీసీఐ అను ఆజ్ఞతోను అవి తెలియును. ఇంటిపేరు చూచి గోత్రము చూడక సంబంధము కుదుర్చుకొనరానట్లే, రెండు సంఖ్యలును చూడక డ్రైవరు నెన్నుకొనరాదు. లినక్సునందలి కూటములను నడుపు ఎండీఆడ్మ్ అను ఉపకరణమున ‘అసెంబుల్’, ‘క్రియేట్’ అని రెండాజ్ఞలు కలవు. మొదటిది ఉన్నదానిని కూర్చును. రెండవది క్రొత్తగా సృష్టించును. కనబడని పాత కూటమికి మొదటిదే మందు. రెండవది విషముగా పరిణమింపవచ్చును. కూటమి కనబడియు 6 టెరాబైట్లకు 2 మాత్రమే అందినచో అది డ్రైవరు దోషము గాదు. ఎంబీఆర్ అను పాత పట్టిక అంతకు మించి లెక్కింపలేదు. అట్టి స్థలమునకు జీపీటీ పట్టిక కావలెను. కాని పట్టిక మార్చుటయు వ్రాతయే గనుక, ప్రతి చేతనుంచుకొని గాని ఆ పనికి దిగరాదు.

కూటమి యున్నదికదాయని నిశ్చింతగా నుండుట తగదు. డిస్కు చెడుటనుండి రెయిడ్ కాపాడును గాని, పొరపాటున చెరిపినదానినుండి, దొంగనుండి, అగ్నినుండి కాపాడదు. చెరిపినచో అన్ని డిస్కులమీదను ఒక్కమారే చెరుపును. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌను తెలుగు కావ్యములకు ఒక్క వ్రాతప్రతితో తృప్తిపడక పెక్కు ప్రతులను తెప్పించి సరిచూపించెను. ఒకదానిలో జారిన అక్షరము మరియొకదానిలో దొరకెను. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారు పూనుకొన్న పదిలక్షల పుస్తకముల యత్నముతో ముడివడి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెలసెను. అందు వేలకొలది తెలుగు గ్రంథములు ఎక్కెను. తరువాత ఆ జాలస్థలము మూతపడినను, పెక్కు గ్రంథముల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవునందు చేరియుండుటచే నేటికిని పాఠకులు చదువుచున్నారు. వేరొకచోట ప్రతి యుండుటకు మించిన రక్షణ లేదు.

కావున కంప్యూటరు గల ప్రతి గ్రంథాలయమును ఒక కాగితపు పుస్తకము నుంచుట మేలు. అందు కూటమి పద్ధతి, డిస్కుల వరుస, కంట్రోలరు సంఖ్యలు, బయాస్ అమరిక, బ్యాటరీ మార్చిన తేది వ్రాయవలెను. డ్రైవరు విప్పిన ప్రతిని ఒక పెన్‌డ్రైవులో నుంచి ఆ పుస్తకమునకే కట్టవలెను. ఏడాదికొకమారు సమస్త సమాచారమును వేరొక డిస్కునకు ఎక్కించి వేరొక ఊరిలో దాచవలెను. దాచినది తెరచి చదివి చూడవలెను. కంప్యూటరునకు కావలివాడు ఆ కాగితపు పుస్తకమే యగుట వింతగా తోచినను, యంత్రము మూగవోయిననాడు మాటాడునది అదియొక్కటే.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము కరవులకు తాళి నిలిచినది. దీని బీరువాలకు చెదలును, డిస్కులకు తొందరపాటును సోకకుండుగాక. స్వర్ణోత్సవమునాటి బాలురు నేటి పెద్దల గొంతులను విందురుగాక.