చిన్ని గుండెకు చికిత్స, ఎదిగే మెదడుకు ఆసరా



ఈనాటి మన ప్రసంగం గుండెను గురించి అనిపిస్తుంది గాని, నిజానికి ఇది మెదడును గురించి. పుట్టుకతోనే గుండె లోపం ఉన్న పసిబిడ్డ వారాల తరబడి ఆసుపత్రిలో ఉండవలసి వస్తే, ఆ బిడ్డ మెదడు ఎదుగుదలకు మనం ఎలా తోడ్పడాలి? ఇదీ ఈనాటి ప్రశ్న.

వెయ్యి మంది శిశువులు పుడితే, వారిలో సుమారు 8 లేక 9 మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. మన దేశంలో ఏటా 2 లక్షల మందికి పైగా ఇటువంటి పిల్లలు పుడుతున్నారని అంచనా. ఒకప్పుడు వీరిలో చాలామంది బతికేవారు కారు. ఇప్పుడు పరిస్థితి మారింది. ఈ మార్పులో కోల్‌కతా నగరానికి ముఖ్యమైన పాత్ర ఉంది. డాక్టర్ క్షీరోద్ చంద్ర చౌధురి 1956లో అక్కడ పిల్లల వైద్యానికే ప్రత్యేకంగా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్‌ను స్థాపించారు. 1992లో ఆ నగరంలోనే డాక్టర్ దేవి శెట్టి ఒక నవజాత శిశువుకు గుండె శస్త్రచికిత్స చేశారు. దేశంలో ఆ వయసు బిడ్డకు జరిగిన మొదటి శస్త్రచికిత్సగా దానిని చెబుతారు. 2000లో రవీంద్రనాథ్ ఠాగూర్ పేరిట హృద్రోగ చికిత్సా సంస్థ వచ్చింది. 2013లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం పిల్లల గుండె చికిత్సల కోసం 'శిశు సాథీ' పథకాన్ని ప్రారంభించింది. మన తిరుపతిలో 2021లో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం మొదలైంది.

బిడ్డ బతికింది. చాలా సంతోషం. కాని ఆ బిడ్డ మాట్లాడాలి, బడికి వెళ్ళాలి, లెక్కలు చేయాలి, మీలాగే కళాశాల మెట్లు ఎక్కాలి. ఈ పనులకు గుండె ఎంత ముఖ్యమో మెదడూ అంతే ముఖ్యం.

గుండెలోని లోపం మెదడును ఎలా బాధిస్తుంది? తల్లి గర్భంలో ఉన్నప్పుడు పిండానికి ఆక్సిజన్ జరాయువు నుండి అందుతుంది. ఆ మంచి రక్తంలో ఎక్కువ భాగం గుండె ఎడమ వైపుకు చేరి, బృహద్ధమని ద్వారా మెదడుకు వెళుతుంది. కొందరు పిల్లల్లో బృహద్ధమని, పుపుస ధమని తారుమారుగా ఉంటాయి. అప్పుడు మెదడుకు వెళ్ళే రక్తంలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. అందువల్ల ఇటువంటి తీవ్రమైన లోపాలున్న శిశువులు నెలలు నిండి పుట్టినా, వారి మెదడు సుమారు ఒక నెల వెనుకబడి ఉంటుందని స్కానింగ్ పరీక్షలలో తేలింది. నెలలు నిండని బిడ్డ మెదడు ఎంత సున్నితమో, ఇదీ అంత సున్నితం.

అమెరికాలోని బోస్టన్‌లో, ధమనులు తారుమారైన శిశువులకు 1988 నుండి 1992 వరకు శస్త్రచికిత్సలు చేసి, వారిని 16 ఏళ్ళ వయసు వరకు పరిశీలించారు. వారి తెలివితేటల సగటు సాధారణ స్థాయికి దగ్గరగానే ఉంది. అయినా వారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి చదువులోనో ప్రవర్తనలోనో ప్రత్యేక సహాయం అవసరమయింది. గుండె బాగుచేస్తే సరిపోదని ఇటువంటి పరిశీలనలే వైద్యులకు తెలియజేశాయి.

ఇప్పుడు ఆసుపత్రి గదిలోకి ఒకసారి వెళ్ళి చూద్దాం. రాత్రింబవళ్ళు వెలిగే దీపాలు. నిమిష నిమిషానికి మోగే యంత్రాలు. సూదులు, గొట్టాలు. నిద్ర పట్టీపట్టకముందే మరొక పరీక్ష. మెదడులో నాడీకణాల మధ్య కొత్త సంధులు అతి వేగంగా ఏర్పడే వయసు ఇది. ఏవి నిలవాలో, ఏవి పోవాలో బిడ్డ పొందే అనుభవమే చాలావరకు నిర్ణయిస్తుంది. ఆ అనుభవమంతా నొప్పి, రొద అయితే ఎలా?

దీనికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. రాత్రివేళ దీపాలు తగ్గించాలి. మెల్లగా మాట్లాడాలి. చేయవలసిన పనులన్నీ ఒకేసారి చేసి, బిడ్డను నిద్రపోనివ్వాలి. సూది వేసేటప్పుడు కాళ్ళూ చేతులూ దగ్గరగా పొదివి పట్టుకుంటే బిడ్డ త్వరగా ఊరడిల్లుతుంది. గొట్టం ద్వారా పాలు పట్టే శిశువుకు చప్పరించే అవకాశం ఇస్తే, తర్వాత నోటితో తాగడం సులభమవుతుంది. వైద్యులు అనుమతించినప్పుడు తల్లి గాని తండ్రి గాని బిడ్డను ఛాతీకి ఆనించుకోవాలి. కంగారూ తల్లి సంరక్షణ అనే ఈ పద్ధతి 1970ల చివర కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది. రొమ్ము ఎముక తెరిచి శస్త్రచికిత్స చేసిన బిడ్డను కొన్ని వారాలపాటు చంకల కింద పట్టి ఎత్తకూడదు. తల కింద ఒక చేయి, పిరుదుల కింద మరొక చేయి ఉంచి ఎత్తాలి.

అన్నిటికంటె సులభమైనది మాట. శిశువు గర్భంలో ఉండగానే తల్లి గొంతు వింటుంది, పుట్టగానే గుర్తుపడుతుంది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరాలుగా తెలుగువారు ఉన్నారు. అక్కడి తల్లి తన బిడ్డతో కోల్‌కతా ఆసుపత్రిలో ఉందనుకోండి. చుట్టూ బెంగాలీ, చేతిలో అర్థంకాని కాగితాలు. ఏం మాట్లాడాలో తోచక ఊరుకుంటుంది. ఆమె ఊరుకోకూడదు. తనకు వచ్చిన తెలుగులోనే లాలి పాడాలి, కబుర్లు చెప్పాలి. ముఖం ఒక జానెడు దూరంలో ఉంచితే బిడ్డ చూడగలదు. బిడ్డ ముఖం తిప్పుకుంటే అలసిందని అర్థం, అప్పుడు ఆపాలి. అందుకే తల్లిదండ్రులను చూడవచ్చిన చుట్టాలుగా కాక, చికిత్సలో భాగస్వాములుగా ఆసుపత్రి భావించాలి.

ఇంటికి వచ్చాక కూడా పరీక్షలు మానకూడదు. వినికిడి, చూపు, మెడ నిలపడం, మాటలు, తర్వాత బడిలో ఏకాగ్రత, ఇవన్నీ సమయానికి చూపించాలి. లోపాన్ని తొందరగా గుర్తిస్తే సరిదిద్దడం తేలిక.

విద్యార్థులారా, మీలో కొందరు నర్సులవుతారు, కొందరు ఇంజనీర్లవుతారు. యంత్రం హెచ్చరిక నర్సుకు వినబడాలి గాని బిడ్డను ఉలికిపడేలా చేయకూడదు. అటువంటి యంత్రాన్ని తయారుచేయడం మీ పని కావచ్చు. కొందరు ఉపాధ్యాయులవుతారు. ఛాతీపై మచ్చతో మీ తరగతికి వచ్చిన పిల్లవాడు పాఠం తొందరగా అందుకోలేకపోతే, సోమరి అని ముద్ర వేయకండి. వాడి మెదడు పుట్టకముందు నుండే ఎంత కష్టపడి ఎదిగిందో మీకిప్పుడు తెలుసు. ఇంకొక్కసారి ఓపికగా చెప్పండి.