తమిళ నేలపై వెలసిన తెలుగు పాటల నాటకాలు
(ప్లాటినం జూబిలీ సన్నాహక సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



మీకు ప్రియమైన రంగస్థల నాటకమేది, అందులో ఇప్పటికీ మీ నోట నిలిచిన పాట ఏది అని పూర్వ విద్యార్థులను అడిగాము. పెద్దలలో ఎక్కువమంది తిరుపతి వేంకట కవుల రాయబార పద్యాలను, బలిజేపల్లి లక్ష్మీకాంత కవి హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీనును పేర్కొన్నారు. ఆ కాటి సీనులో జనం కోరి పాడించుకొనే పద్యాలలో కొన్ని గుఱ్ఱం జాషువ గారి ఖండకావ్యంలోనివి. నటులు వాటిని తెచ్చి చేర్చుకొన్నారు, ప్రేక్షకులు ఆమోదించారు. ‘వన్స్ మోర్’ అనగానే మరణించిన పాత్ర లేచి పద్యం పాడి మళ్ళీ పడుకొన్నదని హాస్యంగా చెప్పుకొనే కాలమది!

పద్యనాటకంపై నాకెంతో గౌరవం ఉన్నది. బళ్ళారి నుండి ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి సమాజం మద్రాసుకు వచ్చి ఆడిన తెలుగు నాటకాలు చూచి ప్రేరణ పొందిన పమ్మల్ సంబంధ మొదలియారు 1891లో సుగుణ విలాస సభను స్థాపించారు. ఆధునిక తమిళ రంగస్థలం అక్కడ మలుపు తిరిగింది.

అయితే వచ్చిన సమాధానాలలో త్యాగరాజస్వామి పేరు ఒకటి రెండు చోట్ల మాత్రమే కనబడింది. కావేరీ తీరాన తిరువైయారులో కూర్చుండి ఆయన ‘ప్రహ్లాద భక్తి విజయం’, ‘నౌకా చరిత్రం’ అనే గేయ నాటకాలను తెలుగులో రచించారు. కచేరీలలో వినిపించే కల్యాణి రాగకృతి ‘వాసుదేవయని’ మనకు తెలుసు. అది ప్రహ్లాద నాటకంలో ద్వారపాలకుడు రంగం మీదికి వచ్చే పాట అని ఎందరికి గుర్తు? పాట నిలిచింది, నాటకం మరుగున పడింది. తంజావూరు జిల్లా మేలట్టూరులో మాత్రం వేంకటరామశాస్త్రి గారి ప్రహ్లాద నాటకాన్ని నరసింహ జయంతికి ఆడుతూనే ఉన్నారు. ఆడేవారూ చూచేవారూ తమిళ దేశవాసులే, పాడేది తెలుగు.

అందువల్ల జూబిలీ ముగింపు సభకు ‘నౌకా చరిత్రం’ ఎంచుకొన్నాము. రాయబారమే కావాలని కొందరు పెద్దలు కోరారు. కాని ఆ పద్యాల సమాసాలను విడదీసి అర్థం చెప్పడానికే ఏడాది చాలదు. ‘నౌకా చరిత్రం’లో యమునలో పడవ ఎక్కిన గోపికలు గర్విస్తారు, గాలివాన వస్తుంది, ఓడకు చిల్లి పడుతుంది, గర్వం పోతుంది. ఇరవై ఒక్క పాటలు. సారంగలో ఓడ నడిపే పాట, పున్నాగవరాళిలో కృష్ణునికి గంధం పూసే పాట మన ఇండ్లలోని అవ్వలకు కూడ వచ్చు. గోపికల వేషాలకు ఎందరు బాలికలైనా సరిపోతారు. చిల్లి పూడ్చే ఘట్టాన్ని మాత్రం పిల్లల వయస్సుకు తగినట్లు మార్చుకొంటాము.

ఇక అసలు విషయం. మా విద్యార్థులకు తెలుగు అక్షరాలు వచ్చు. పూర్వ విద్యార్థుల మనుమలకు, మనుమరాండ్రకు మాటే గాని అక్షరం రాదు. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది. అది నేర్వవలసినదే, మనకు అన్నం పెట్టే భాష. కాని ఆ పిల్లలు తెలుగు పాటను తమిళ లిపిలో వ్రాసుకొంటున్నారు. క, ఖ, గ, ఘ నాల్గింటికీ అక్కడ ఒకే అక్షరం. పూసే గంధమూ, కంద పద్యమూ ఒకే తీరున కనబడతాయి. పాడేటప్పుడు ఏది పలకాలో బిడ్డకు తెలియదు.

కనుక వేషం కోరే ప్రతి బిడ్డ, ఏ పాఠశాలలో చదువుతున్నా, తన పాటను తెలుగు అక్షరాలతో స్వహస్తంతో వ్రాసి తేవాలి. నేర్పడానికి మా ఉపాధ్యాయినులు సిద్ధంగా ఉన్నారు. శని, ఆదివారాలలో ఉదయం పది గంటలకు అభ్యాసం. పాటలు వచ్చిన అవ్వలు, అమ్మమ్మలు దయచేసి రావాలి. హార్మోనియం శ్రుతి చేయించి ఉంచాము.