సున్నపురాయి వయసు చెప్పే ఐసోటోపులు



రాతి వయసు ఎలా కనుక్కుంటారని అడిగితే మీలో చాలామంది వెంటనే కార్బన్-14 పేరు చెబుతారు. దాని అర్ధాయువు 5,730 సంవత్సరాలు. సుమారు 50 వేల ఏళ్లు దాటిన వస్తువులో కొలవడానికి సరిపడేంత కార్బన్-14 మిగలదు. మధ్యప్రదేశ్‌లోని సోన్ నది లోయలో కనిపించే వింధ్య సున్నపురాళ్లు కోట్ల ఏళ్ల నాటివి. వాటికి ఈ పద్ధతి పనికిరాదు. మరి వాటి వయసు తెలిసేది ఎలా? ఈనాటి పాఠం ఇదే.

ముందుగా చిక్కు ఎక్కడ ఉందో చూద్దాం. సున్నపురాళ్లలో ఎక్కువ భాగం సముద్రంలో పేరుకున్నవే. శంఖాలు, గవ్వల వంటి శిలాజాలు ఉంటే వాటిని బట్టి కాలం చెప్పవచ్చు. కాని గుల్లలున్న జంతువులు విస్తారంగా కనిపించేది సుమారు 54 కోట్ల ఏళ్ల నుంచి మాత్రమే. అంతకుముందటి రాళ్లలో సూక్ష్మజీవులు కట్టిన పొరలు తప్ప సాధారణంగా మరేమీ కనిపించవు. అలాంటి రాళ్లకు రసాయన శాస్త్రమే సాక్ష్యం చెప్పాలి.

ఒకే మూలకానికి చెంది, బరువులో తేడా ఉన్న పరమాణువులను ఐసోటోపులంటారని మీకు తెలుసు. సున్నపురాయి విషయంలో మూడు మూలకాల ఐసోటోపులు ముఖ్యం. అవి స్ట్రాన్షియం, కార్బన్, సీసం.

స్ట్రాన్షియం రసాయనికంగా కాల్షియంకు దగ్గరి బంధువు. సున్నపురాయి ఏర్పడేటప్పుడు కాల్షియం చోటులో కొంత స్ట్రాన్షియం చేరుతుంది. సముద్రపు నీరు సుమారు వెయ్యేళ్లలో ప్రపంచమంతా కలిసిపోతుంది. స్ట్రాన్షియం మాత్రం ఆ నీటిలో లక్షల ఏళ్లు నిలిచి ఉంటుంది. అందువల్ల ఒక కాలంలో అన్ని సముద్రాలలోనూ స్ట్రాన్షియం-87, స్ట్రాన్షియం-86ల నిష్పత్తి ఒకటే. నేడు అది 0.7092. ఖండాల నుంచి నదులు తెచ్చే స్ట్రాన్షియం ఈ నిష్పత్తిని పెంచుతుంది. సముద్రగర్భపు వేడి ఊటల నుంచి వచ్చేది తగ్గిస్తుంది. అందుకే ఇది యుగాల పొడవునా మారుతూ వచ్చింది.

రెండు చోట్ల దొరికిన సున్నపురాళ్లలో ఈ నిష్పత్తి ఒకటే అయితే అవి ఒకే కాలానివి కావచ్చు. 'కావచ్చు' అనే అన్నాను, గమనించండి. పెరుగుతూ తగ్గుతూ వచ్చిన నిష్పత్తి వేర్వేరు కాలాల్లో ఒకే విలువకు రావచ్చు. తిథీ వారమూ రాసి సంవత్సరం రాయని జాతకం లాంటిదిది.

కార్బన్ సంగతీ అంతే. కిరణజన్య సంయోగక్రియ జరిపే జీవులు తేలికైన కార్బన్-12ను ఎక్కువగా తీసుకుంటాయి. ఆ జీవపదార్థం సముద్రం అడుగున పూడిపోతే నీటిలో కార్బన్-13 పాలు పెరుగుతుంది. సుమారు 230 నుంచి 210 కోట్ల ఏళ్ల కిందటి సున్నపురాళ్లు అనేక ఖండాలలో కార్బన్-13తో నిండి ఉన్నాయి. ఇలాంటి గుర్తులు దూరదూరపు పొరలను జతపరచడానికి పనికివస్తాయి.

సంవత్సరాల లెక్క చెప్పేది సీసం. యురేనియం-238 క్షీణించి సీసం-206గా మారుతుంది. దీని అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు. యురేనియం-235 సీసం-207గా మారుతుంది. దాని అర్ధాయువు 70 కోట్ల ఏళ్లు. సీసం-204 మాత్రం క్షీణత వల్ల పుట్టదు కాబట్టి దాన్ని కొలబద్దగా తీసుకుంటారు. సున్నపురాయిలో కొద్దిపాటి యురేనియం ఉంటుంది. ఒకే పొర నుంచి తీసిన పలు నమూనాలలో 206/204, 207/204 నిష్పత్తులు కొలిచి గ్రాఫు గీస్తే బిందువులు ఒక సరళరేఖ మీదికి వస్తాయి. ఆ రేఖ వాలు నుంచి వయసు తెలుస్తుంది. 1987లో స్టీఫెన్ మూర్‌బాత్ బృందం జింబాబ్వేలోని ఒక సున్నపురాయికి ఈ పద్ధతిలో సుమారు 284 కోట్ల ఏళ్ల వయసు నిర్ణయించింది.

ఒక జాగ్రత్త ఉంది. భూగర్భజలం చొరబడితే రాతి రసాయనం మారుతుంది. అలాంటి రాతిలో మాంగనీసు పెరిగి స్ట్రాన్షియం తగ్గుతుంది. అందువల్ల ముందే పరీక్షించి, చెడిన నమూనాలను పక్కన పెట్టాలి.

ఇప్పుడు వింధ్య శిలల వివాదానికి వద్దాం. 1998లో రెండు ప్రకటనలు వచ్చాయి. రోహతాస్ సున్నపురాయిలో 54 కోట్ల ఏళ్ల నాటి చిన్న గుల్లల శిలాజాలు దొరికాయని డెహ్రాడూన్‌లోని వాడియా సంస్థకు చెందిన ఆర్.జె. అజ్మీ ప్రకటించారు. ఆ సున్నపురాయికి దిగువనున్న చోర్హట్ ఇసుకరాయిలో వంద కోట్ల ఏళ్లు దాటిన పురుగుల జాడలున్నాయని అడాల్ఫ్ సైలాకర్, ప్రదీప్ బోస్ బృందం ప్రకటించింది. మొదటిది నిజమైతే వింధ్య శిలలు అందరూ అనుకున్నదానికంటే ఎంతో చిన్నవి. రెండోది నిజమైతే జంతుజాలం చరిత్రనే తిరగరాయాలి.

2002లో సున్నపురాయి కింద ఉన్న అగ్నిపర్వత బూడిద పొరల్లోని జిర్కాన్ స్ఫటికాలు 163 నుంచి 160 కోట్ల ఏళ్ల వయసు చూపించాయి. కాని సందేహం పూర్తిగా తీరలేదు. కింది పొర పాతదైనంత మాత్రాన పై పొర కూడా అంత పాతది కానక్కరలేదు కదా! వాటి మధ్య కోట్ల ఏళ్ల విరామం ఉండవచ్చు. అందుకే సున్నపురాయినే అడగవలసి వచ్చింది. 2004లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కె. గోపాలన్ సహా ఒక బృందం సీసం పద్ధతిలో రోహతాస్ సున్నపురాయి వయసును 159.9 కోట్ల ఏళ్లుగా తేల్చింది. అటూ ఇటూ తేడా 4.8 కోట్లు. రెండు వేర్వేరు గడియారాలు ఒకే కాలం చూపించాయి.

మరి ఆ శిలాజాలు? 2009లో స్వీడన్‌కు చెందిన స్టెఫాన్ బెంగ్ట్‌సన్ బృందం వాటిని మళ్లీ పరీక్షించింది. శిలాజాలు నిజమైనవే, అయితే వాటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైగా ఎక్కువ అని తేల్చింది. 2017లో చిత్రకూట్ ప్రాంతపు శిలాజాలలో ఎర్ర శైవలాలను పోలిన వాటిని గుర్తించి, ఒకదానికి అజ్మీ పేరు మీదుగా 'రఫతాజ్మియా చిత్రకూటెన్సిస్' అని నామకరణం చేశారు. పురుగుల జాడల వాదనను మాత్రం నేడు చాలామంది అంగీకరించడం లేదు.

మన కడప ప్రాంతంలోనూ ఇదే తర్కం వాడవచ్చు. పులివెందుల దగ్గర తాడిపత్రి పొరల్లోకి చొరబడిన అగ్నిశిల వయసు 188.5 కోట్ల ఏళ్లు. వాటికి దిగువనున్న వేంపల్లి డోలమైట్ అంతకంటే పాతదని దాన్నిబట్టి తెలుస్తుంది. ఎంత పాతదో చెప్పాలంటే ఆ డోలమైటునే పరీక్షించాలి.

విద్యార్థులారా! స్ట్రాన్షియం, కార్బన్ పొరలను జతపరుస్తాయి. సీసం సంవత్సరాలు లెక్కిస్తుంది. ఏ ఒక్క సాక్షి మాటా చాలదు. వేర్వేరు దారుల్లో వచ్చిన సాక్ష్యాలు ఒకచోట కలిసినప్పుడే రాతి వయసును నమ్మాలి. శిలాజం ఏమిటన్నది ఒక ప్రశ్న, అది ఎప్పటిదన్నది మరో ప్రశ్న. ఈ రెండింటినీ విడదీసి అడగడమే వింధ్య వివాదం మనకు నేర్పిన పాఠం. సెలవు.