బిల్లు అడగండి

మన వాడలో ఒక అక్క కూలి పైసలు పోగేసి టౌనులో మిక్సీ కొన్నది. మూడోనాడే మోటారు కాలింది. తీసుకపోతే షాపాయన ఏమన్నడు? "మీకు వాడరాదు, మీరే కాల్చుకున్నరు." గోడమీది బోర్డు చూపిండు: 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు'. అదే పూట ఒక దొరసానమ్మకు మాత్రం కుర్చీ వేసి, ఇస్త్రీపెట్టె మార్చి ఇచ్చిండు. మిక్సీని చూసి మాట్లాడిండా, మన కులాన్ని చూసి మాట్లాడిండా?

ఆ బోర్డు చట్టం ముందు చెల్లదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకుంటే 30 రోజుల్లోగా వాపసు తీసుకోననడం అనుచిత వ్యాపారమని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతున్నది. బిల్లు ఇయ్యకపోవడమూ అంతే. అందుకే మనకు తెల్లచిట్టీ మీద అంకె గీకి పంపుతరు. మనమేమో అడగడానికి జంకుతం!

1915కు ఫోన్ చేయొచ్చు. మనముండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో రెండేండ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల దాకా ఫీజు లేదు, వకీలు లేకున్నా నడుస్తది.

అక్క దగ్గర ఆ చిట్టీ భద్రంగనే ఉన్నది. సోమవారం పదిమందిమి ఆ షాపుకు పోతున్నం. ఎన్ని కుర్చీలు వేస్తడో చూద్దాం.