గుండెపోటు తరువాత కొలెస్టరాల్ పరీక్ష



బెంగాల్ నాగపూర్ రైల్వేవారి కర్మాగారముతో పెరిగిన ఖరగపురమున, గోల్‌బజార్ చుట్టుపట్ల కాపురమున్న తెలుగు కుటుంబములకు బాయిలరు సంగతి క్రొత్త కాదు. ఆవిరి యింజనుల కాలమున నీటిలోని ఖనిజములు బాయిలరు గొట్టములకు సున్నపు పొరవలె పట్టుచుండెడివి. బండి నడచుచునే యున్నది గదా యని ఎవరును ఊరకుండెడివారు కారు. గడువు రాగానే బాయిలరును చల్లార్చి కడిగెడివారు. అట్టి యిండ్లలోనే, గుండెపోటు వచ్చి కోలుకొన్న పెద్దలు “ఇప్పుడు బాగుగనే యున్నది” అని రక్తపరీక్ష మానుచుండుట విచారకరము.

ఉపమానము పూర్తిగా అతుకదు. బాయిలరులో పొర గొట్టమునకు పైపైన అంటుకొనును. ధమనిలో కొవ్వు గోడ లోపలనే చేరును. అది చిట్లి, దానిపై రక్తము గడ్డకట్టినప్పుడు గుండెపోటు వచ్చును. దానిని కడిగివేయు సాధనము లేదు. రక్తములో ఎల్.డి.ఎల్. అను చెడు కొలెస్టరాలును బాగుగ తగ్గించి, తగ్గించినదానిని అట్లే నిలుపుటయే ఉపాయము. అది పెరిగినను నొప్పి లేదు, ఆయాసము లేదు. పరీక్ష ఒక్కటియే చెప్పగలదు.

పరీక్ష చేయించుకొన్నవారును కాగితము చదువుటలో మోసపోవుదురు. ఒక హృద్రోగికి మొత్తము కొలెస్టరాల్ 168, హెచ్.డి.ఎల్. 38, ట్రైగ్లిసరైడులు 160 అని వచ్చినదనుకొనుడు. ట్రైగ్లిసరైడులను 5చే భాగించిన 32. 168 నుండి 38ని, 32ను తీసివేయగా ఎల్.డి.ఎల్. 98 మిల్లీగ్రాములు. (ట్రైగ్లిసరైడులు 400 దాటినచో ఈ లెక్క చెల్లదు.) ప్రక్క గడిలో 100 లోపు మేలని అచ్చువేసి యుండును, ఇంటిల్లిపాదియు సంతోషింతురు. కాని ఆ గడి ఆరోగ్యవంతులది. గుండెపోటు వచ్చినవారికి 55 కంటె తక్కువ యుండవలెనని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో సూచించినది. ఆ లెక్కన 98 శుభవార్త కాదు; మందు చాలలేదనియో, సరిగా వేసికొనుట లేదనియో అర్థము.

అంకె దిగినవెంటనే మాత్ర మానుట మఱియొక పొరపాటు. అంకెను దించి పట్టుకొన్నది ఆ మాత్రయే. మానిన కొలది వారములలోనే అది మరల పైకి పోవును. స్టాటిన్ మందు విలువ 1994లో ప్రకటితమైన స్కాండినేవియా పరిశోధనలో తేలినది. 4444 మంది హృద్రోగులను రెండు భాగములుగా చేసి అయిదేండ్లకు పైగా చూడగా, ఉత్తుత్తి మాత్ర వేసికొన్నవారిలో 256 మంది, నిజమైన మందు వేసికొన్నవారిలో 182 మంది మరణించిరి. కండరముల నొప్పి తోచినచో వైద్యునితో చెప్పవలెను. మోతాదు తగ్గించుటకో, మందు మార్చుటకో వీలున్నది. సంక్రాంతికి శ్రీకాకుళమునకో, విజయనగరమునకో పోయి నెల దినములుండు విశ్రాంత ఉద్యోగులు అన్ని దినములకు సరిపడు మాత్రలు వెంట నుంచుకొనవలెను.

గుండెపోటు వచ్చిన మొదటి దినముననే రక్తము తీయుట మంచిది; తరువాత కొన్నాళ్లు కొలెస్టరాల్ తనంతట తానే తగ్గి కనబడును. మందు మొదలిడినను, మోతాదు మార్చినను 4 నుండి 12 వారములలో మరల చూడవలెను. అటుపిమ్మట 3 నుండి 12 నెలల కొకసారి చాలును. సాధారణముగా పరగడుపు అక్కఱలేదు. శాకాహారులమను ధీమాయు పనికిరాదు, కాలేయమే కొలెస్టరాలును తయారుచేయును.

లైపోప్రోటీన్-ఏ అను మఱియొక పరీక్ష జన్మమున కొకసారి చేయించిన చాలును. అది చాలవఱకు వంశమునుండి వచ్చునది. చిన్న వయసుననే తండ్రికి గుండెపోటు వచ్చిన యింట, కుమారులకును కుమార్తెలకును కొలెస్టరాల్ పరీక్ష చేయించవలెను. కుమార్తెల మాట తఱచుగా మఱచుచున్నారు.