మూగజీవాల ఫిర్యాదు ఎవరు రాయాలి?



తెలంగాణ నేతపల్లెల నుంచి వచ్చి, సాంచాల మీద బతుకు నిలబెట్టుకున్న కుటుంబాలు ఈ సూరత్‌లో ఎన్నో ఉన్నాయి. అందుకే ఎక్కడో ఉన్న అడవితో కాక, ఇక్కడి కాలువతోనే మొదలుపెడతాను. 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు రసాయన వ్యర్థాన్ని దొంగచాటుగా కాలువలోకి వదిలింది. లేచిన విషవాయువుకు పక్కనే ఉన్న మిల్లులో ఆరుగురు కార్మికులు చనిపోయారు, ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. వార్త వచ్చాక జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టింది. అలా కదిలే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని సుప్రీంకోర్టు అంతకు మూడు నెలల ముందే, 2021 అక్టోబరులో, తేల్చి చెప్పింది. ఆ తీర్పుకు మూలమైన వ్యవహారం కూడా ముంబై చెత్త మీద వచ్చిన ఒక వార్తాకథనంతోనే మొదలైంది. ఆ రాత్రి మనుషులు పోయారు కనుక అది వార్త అయింది. మనుషులెవరూ పోని రాత్రుల్లో కాలువల్లోకి ఏం పారిందో, ఆ నీరు ఖాడీల (వాగుల) గుండా అరేబియా సముద్రం చేరేలోపు ఏ జీవం మాడిపోయిందో చెప్పడానికి ఎవరొస్తారు?

నేను చెప్పదలచినది ఇదే. మనిషిని చంపితే ఠాణా మెట్లెక్కడానికి అతనికొక బంధువు ఉంటాడు. బట్టమేక పిట్ట గుడ్డు చితికితే అడిగే బంధువు లేడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, అటవీశాఖ ఉంది, న్యాయస్థానాలున్నాయి. కానీ ఇవన్నీ ఎవరో చూసి చెబితేనే కదులుతాయి. ఆ చూసి చెప్పే పని చాలాసార్లు విలేకరిది. కాబట్టి పత్రికాస్వేచ్ఛను పాత్రికేయుల సొంత హక్కుగా మాత్రమే చూడకూడదు. వన్యప్రాణి చట్టం పనిచేయడానికి అది కూడా ఒక పనిముట్టు.

ఇందుకు సాక్ష్యం ఈ గుజరాత్ తీరంలోనే ఉంది. మన శ్రీకాకుళం మత్స్యకారులు పొట్ట చేతబట్టుకుని వలస వచ్చే వెరావల్ తెలుసు కదా. ప్రపంచంలోకెల్లా పెద్ద చేపను, తెలుగు తీరంలో బొక్కుసొర అని పిలిచే తిమింగల సొరను, ఒకప్పుడు ఆ తీరంలో వందల సంఖ్యలో చంపేవారు. పెద్ద కొక్కెం దించి, దానికి ఖాళీ పీపాలు కట్టి వదిలేవారు. ఆ పీపాలను ఈడ్చి ఈడ్చి చేప అలసిపోయేది. అందుకే దానికి అక్కడ 'బ్యారెల్' అనే పేరు పడింది. కాలేయం నుంచి తీసిన నూనెను చెక్కపడవలకు నీరు పట్టకుండా పూసేవారు, మాంసం విదేశాలకు పోయేది. ఇది నేరమని చెప్పే చట్టమే అప్పటికి లేదు. మైక్ పాండే తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అనే డాక్యుమెంటరీ 2000లో బయటికి వచ్చి, ఒడ్డున జరుగుతున్న ఊచకోతను దేశానికి చూపించింది. 2001లో ఆ చేపను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన దేశంలో అంతటి రక్షణ పొందిన తొలి చేప అదే. మరుసటి ఏడాది అంతర్జాతీయ వ్యాపారం మీదా నియంత్రణ వచ్చింది. కెమెరా ఆ ఒడ్డుకు వెళ్ళగలిగింది, తీసినదాన్ని చూపించగలిగింది. ఆ రెండింటిలో ఏ ఒక్కటి ఆగినా ఈ మార్పు ఎప్పటికి వచ్చేదో.

మరి జాలరి కడుపు సంగతేమిటని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. నిషేధం ఒక్కటే వచ్చి ఉంటే వేట చాటుగా సాగేది. 2004 నుంచి వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, టాటా కెమికల్స్ కలిసి ఊరూరా ప్రచారం చేశాయి. ప్రవచనకారుడు మొరారి బాపు ఆ చేపను పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డతో పోల్చారు. 'బ్యారెల్' కాస్తా 'వ్హాలీ' అయింది, అంటే ప్రియమైనది. వల కోసి చేపను వదిలిన జాలరికి వల నష్టం చెల్లించారు. సాక్ష్యంగా ఫొటో తీసుకోవడానికి కెమెరా ఇచ్చారు. నిన్న కొక్కెం దించిన చేతులే ఇవాళ నీళ్ళలో వల కోసి, ఆ క్షణాన్ని ఫొటో తీస్తున్నాయి. ఆ జాలరి చేస్తున్నదీ ఒక రకంగా విలేకరి పనే. అలా వందల చేపలు తిరిగి సముద్రంలోకి వెళ్ళాయి.

అన్ని కథలూ ఇలా ముగియవు. గిర్ అడవి చుట్టూ అక్రమ గనుల మీద సమాచార హక్కుతో పోరాడి హైకోర్టుకెక్కిన అమిత్ జెత్వాను 2010 జూలై 20న అదే గుజరాత్ హైకోర్టు ఎదుట కాల్చి చంపారు. 2019లో సీబీఐ కోర్టు ఏడుగురికి శిక్ష వేసింది, 2024లో హైకోర్టు వారిని నిర్దోషులంది. ఆసియా సింహాల అడవి గురించి అడిగిన మనిషిని చంపిందెవరో ఇంకా తేలలేదు. ఇసుక మాఫియా మీద కథనాలు చేసిన విలేకరి సందీప్ శర్మ 2018 మార్చిలో మధ్యప్రదేశ్‌లోని భిండ్‌లో లారీ కింద నలిగిపోయాడు. అది చంబల్ సీమ. ఘరియాల్ మొసలి గుడ్లు పెట్టేది అక్కడి ఇసుకతిన్నెల్లోనే. యునెస్కో 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం పదిహేనేళ్ళలో పర్యావరణ విషయాలు తవ్విన 44 మంది పాత్రికేయులు హతులయ్యారు, శిక్షలు పడినవి అయిదు కేసుల్లోనే. ప్రపంచ పత్రికాస్వేచ్ఛ సూచీలో 2025లో మన దేశం 180కి 151వ స్థానంలో నిలిచింది.

పత్రికలు తప్పులు రాస్తాయి, అరుదైన జీవి ఎక్కడుందో రాసి వేటగాడికి దారి చూపిస్తాయి అన్న అభ్యంతరమూ ఉంది. రెండోది నిజమైన ప్రమాదమే. అయితే చైనాలో ఒక అరుదైన బల్లిజాతి పుట్టిన చోటనే తుడిచిపెట్టుకుపోవడానికి దారి చూపింది శాస్త్రపత్రం. అంతమాత్రాన శాస్త్రాన్ని నిషేధించలేదు, చోటు పేరు దాచడం నేర్చుకున్నారు. సంపాదకుడూ ఆ కట్టుబాటు పాటించాలి. ఇక తప్పుల మాటకొస్తే, 2025 మార్చి చివర హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద చెట్లు కొట్టే యంత్రాలు దిగినప్పుడు కృత్రిమ మేధతో చేసిన నకిలీ చిత్రాలూ తిరిగాయి. సుప్రీంకోర్టు ఏం చేసింది? వార్తలు చూసి, హైకోర్టు రిజిస్ట్రారునే ఆ చోటికి పంపింది. ఆయన నివేదికలో నెమళ్ళున్నాయి, జింకలున్నాయి. కోర్టు పని ఆపించింది. తప్పు వార్తను సరిచేయడానికి మరో వార్త ఉంటుంది, తనిఖీ ఉంటుంది. అచ్చు కాని నిజాన్ని ఎవరు సరిచేస్తారు? పత్రికల మీద నాకూ ఒక ఫిర్యాదుంది. పులి చస్తే మొదటి పేజీ, కడప లంకమలలోని అరుదైన పిట్ట కలివికోడికి లోపలి పేజీలో నాలుగు ముక్కలు. ఆ అలవాటు మారాలి.

ఇవాళ పట్టాలు అందుకున్న మీలో రసాయనశాస్త్రం చదివినవారు రేపు ఇదే సచిన్‌లో మురుగునీటి నమూనా సీసాల మీద సంతకం పెడతారు. అంకె ఎక్కువొస్తే ఎక్కువేనని రాయండి. ఆ అంకెలు రాసిన రిజిస్టరును ఒక విలేకరి అడిగిన రోజు దాచకండి. అడిగినందుకు అతని మీద కేసు పెట్టారని తెలిస్తే, అది అతని గొడవ అనుకోకుండా అతని పక్కన నిలబడండి.