శక్తిని చూచినవారు ఎటు తిరగాలి?

తిరువూరులోను, చుట్టుపట్ల పల్లెల్లోను మామిడి తోటల పని ముగించుకొని వాక్యము కొరకు కూర్చున్న మిమ్మల్ని ప్రభువు దీవించును గాక.

ఒక తల్లి ఇలా అడుగుతుందనుకోండి: "అయ్యగారూ, స్వస్థత కూటంలో మా పక్కింటామె బాగుపడి సాక్ష్యం చెప్పింది. అదే పందిట్లో నా బిడ్డ కోసం కూడా ప్రార్థన చేశారు. వాడికి ఫిట్స్ తగ్గలేదు. నాకు విశ్వాసం లేదంటున్నారు. నిజమేనా?" ఇలాంటి తల్లి మీ సంఘంలో లేదా? ఆమెకు జవాబు చెప్పాలంటే, దేవుడు తన శక్తిని కనుపరచినప్పుడు విశ్వాసి ఏమి చేయాలో ముందు నేర్చుకోవాలి.

మొదటిది, తిరిగి రావాలి. లూకా 17వ అధ్యాయములో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులయ్యారు. కృతజ్ఞతతో తిరిగి వచ్చినవాడు ఒక్కడే, వాడు సమరయుడు. మిగిలిన తొమ్మిదిమంది స్వస్థత పొందారు గాని, స్వస్థపరచినవాని పాదాలను మరచిపోయారు.

రెండవది, శక్తిని చూచి అతిశయపడకూడదు. లూకా 10లో డెబ్బదిమంది శిష్యులు దయ్యములు తమకు లోబడుతున్నాయని పొంగిపోయారు. ప్రభువు వారి సంతోషాన్ని పరలోకమందు వ్రాయబడిన వారి పేర్ల వైపు త్రిప్పాడు.

మూడవది, తొందరపడకూడదు. మన తెలుగు నేలపై జరిగిన సంగతి వినండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలిపని కల్పించాడు. అనేకులు బాప్తిస్మము అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో, ప్రభువు కోసం వచ్చారో తేలాలని, కరువు సహాయము సాగినంతకాలము ఆపాడు. సహాయము ముగిసింది. ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసినా జనం వచ్చారు! 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాము. దాని వెనుక ఉన్న ఆ నిరీక్షణను మరచిపోతాము. దేవుని కార్యము పరీక్షకు నిలుస్తుంది. మనం దాన్ని తొందరపెట్టనక్కరలేదు, పెంచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ తల్లి దగ్గరకు వద్దాము. అమ్మా, ఎఫెసులో పౌలు శరీరానికి తగిలిన చేతిగుడ్డలతో రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. అదే పౌలు తన తోటి పనివాడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని 2 తిమోతి 4లో వ్రాశాడు. పౌలుకు విశ్వాసం తగ్గిందా? త్రోఫిమును దేవుడు విసర్జించాడా? కాదు. శక్తి దేవునిది, ఎప్పుడు, ఎవరికి అన్నది ఆయన చిత్తము. స్వస్థత మన విశ్వాసాన్ని తూచే త్రాసు కాదు. కాబట్టి బిడ్డకు మందులు ఆపవద్దు, ప్రార్థనా మానవద్దు. డాక్టరుగారు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా తగ్గించవద్దు.

సంఘమా, నీకు ఒక మాట. బాగుపడినామెతో కలిసి దేవుని స్తుతించు. బాగుపడని బిడ్డ ఇంటికి ఈ వారమే వెళ్ళు. తప్పు వెదకడానికి కాదు. ఆస్పత్రికి తోడు వెళ్ళడానికి, ఒక పూట అన్నం పట్టుకెళ్ళడానికి. దేవుని శక్తిని చూచినవారు చేయవలసిన స్తుతిలో ఇదీ ఒక భాగమే.

ప్రభువు కృప మీకందరికి తోడైయుండును గాక. ఆమేన్.